తెలుగు బడి లేని ఊళ్లో తెలుగు కథలు: పిల్లల కోసం ఫోన్‌లో ఉచితంగా ఎలా వెతుక్కోవాలి

మా పాపది మూడో తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లిషు, టీవీ ముందు హిందీ. ఒడిశాలోని రాయగడలో మా వీధిలో సగం ఇళ్లలో ఇదే వరస. పార్వతీపురం నుంచి వాళ్ల అమ్మమ్మ ఫోన్ చేస్తే గంట సేపు గలగలా మాట్లాడుతుంది. అదే రైల్లో వెళ్తూ కూనేరు స్టేషన్ బోర్డు కనిపిస్తే మాత్రం తెలుగు వదిలేసి ఇంగ్లిషు చదివేది. "ఆ తెలుగు కూడా చదవొచ్చు కదే" అంటే, "అవి అమ్మమ్మ వాళ్ల అక్షరాలు" అనేది.

ఆ మాటకి నాకు కాస్త రోషం వచ్చి కథల పుస్తకాల కోసం బజారంతా తిరిగాను. మా దగ్గర కొట్లలో ఒడియా గైడ్లు, ఇంగ్లిషు ఏబీసీడీలు, రంగులు వేసే పుస్తకాలు. తెలుగులో ఉన్నవి పంచాంగాలూ, వ్రతకథలూ. ఇక ఫోన్ మీద పడ్డాను. ఉచితంగా దొరికే పిల్లల కథలు ఎంత చదివినా తరగవని తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. వాటిలో మన పిల్ల పది నిమిషాలు కుదురుగా కూర్చుని తనంతట తాను చదవగలిగినవి ఏరడం మాత్రం నేర్చుకోవాల్సిన పనే. గుణుపురంలోనో, పర్లాకిమిడిలోనో, కోరాపుట్‌లోనో ఉండి ఇదే పనిలో పడ్డ అమ్మానాన్నల కోసం, నేను చేసిన వరసలోనే చెబుతాను.

ముందు పిల్ల ఎక్కడుందో చూడండి

వయసు చూసి కథ ఎంచుకుంటే మన దగ్గర దెబ్బతింటాం. ఎనిమిదేళ్ల పిల్లకి ఎనిమిదేళ్ల వాళ్ల కథ వినడానికి బాగుంటుంది, చదవడానికి ఇస్తే రెండో లైనులో ఆగిపోతుంది. అందుకని ఏదైనా తెలుగు కాగితం మీద నాలుగు లైన్లు చదివించండి, పెళ్లి శుభలేఖ అయినా సరే. ఎక్కడ ఆగుతోందో పక్కన గుర్తు పెట్టుకోండి. తప్పులు దిద్దకండి, ఆ పని తర్వాత.

ఒడియా ముందు నేర్చుకున్న పిల్లలు తడబడే చోట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒడియాలో 'ఠ' అక్షరం గుండ్రటి సున్నాలా ఉంటుంది. మా పాప మొదటిసారి 'అందం' అన్న మాట చూసి "అఠదఠ అంటే ఏటి?" అని అడిగింది. నేను నవ్వాను, అది ముఖం ముడుచుకుంది. నవ్వకుండా ఉండాల్సింది. రెండోది, ఒడియాలో 'ఎ'కి, 'ఏ'కి వేరే అక్షరాలు లేవు. 'ఒ', 'ఓ' కూడా అంతే. కాబట్టి 'కొడుకు', 'కోడలు' మొదటి అక్షరాల్లో తేడా వాళ్ల కంటికి ఆనదు. మూడోది, అక్షరంలోని 'అ'ని ఒడియాలో 'ఒ'లా పలుకుతారు. బడి అలవాటు మీద 'కమల' అని రాసి ఉంటే 'కొమొలొ' అని చదివేస్తారు. ఇవి తప్పులు కావు, ఒక బడి నుంచి ఇంకో బడికి మోసుకొచ్చిన అలవాట్లు. ఇవి ఉన్నాయంటే పిల్ల వయసుకి రెండు మెట్లు కింద నుంచి మొదలుపెట్టండి. పొట్టి కథ పూర్తయిందన్న సంతోషం పెద్ద కథ సగంలో ఆపేస్తే రాదు.

తెలుగు అక్షరాల్లో వెతకండి

చాలామంది ఇక్కడే తప్పుతారు. ఇంగ్లిషు అక్షరాల్లో 'తెలుగు స్టోరీస్ ఫర్ కిడ్స్' అని కొడితే వచ్చేవన్నీ వీడియోలు, ప్రకటనలతో నిండిన యాప్‌లు. నీతి కథలు అనే పేరుతో ఒకే కాకి, ఒకే నక్క, ఒకే ద్రాక్షగుత్తి వెయ్యి చోట్ల కనిపిస్తాయి.

ఫోన్ కీబోర్డు సెట్టింగుల్లో భాషలు అనే చోటికి వెళ్లి తెలుగు కలుపుకోండి. తెలుగు అచ్చులు, గుణింతాలు వెతుక్కుంటూ కొట్టడం కష్టమైతే, ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మారే రకం కూడా అక్కడే ఉంటుంది. అదీ వద్దంటే మైకు గుర్తు నొక్కి "పిల్లల కథలు" అని నోటితో చెప్పండి. మాట బాగా వచ్చి, అక్షరం రాని పిల్లలకి ఈ మైకు భలే ఇష్టం. తను పలికిన మాట తెర మీద తెలుగు అక్షరాలై పడటం చూస్తారు. మా పాప మొదటి వారమంతా కథలు వెతకనే లేదు, తన పేరూ, స్నేహితురాళ్ల పేర్లూ పలికి చూసుకుంటూ కూర్చుంది. అడ్డు చెప్పకండి, అదీ చదువే.

స్టోరీవీవర్: మొదలుపెట్టాల్సిన చోటు

నన్ను ఒక్క చోటు మాత్రమే చెప్పమంటే ఇదే చెబుతాను. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015లో దీన్ని మొదలుపెట్టింది. ప్రకటనలు లేవు, చదవడానికి డబ్బు లేదు. బొమ్మలు పెద్దవిగా, ఒక పేజీలో ఒకటి రెండు వాక్యాలు ఉండే కథలు ఎన్నో ఉన్నాయి.

బ్రౌజర్‌లో స్టోరీవీవర్ అని వెతికి సైటు తెరవండి. కథలు చదివే భాగంలోకి వెళ్తే వడపోత (ఫిల్టర్) ఉంటుంది. అందులో భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. తర్వాత స్థాయి. ఈ స్థాయే మనకి ప్రాణం. మొత్తం నాలుగు. మొదటి స్థాయి కథలో మాటలు సుమారు 250 లోపు, ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. రెండోది 250 నుంచి 600 మాటలు. మూడోది 600 నుంచి 1500. నాలుగోది అంతకు మించి. మా పాప మూడో తరగతి కాబట్టి మూడో స్థాయి అనుకుని నేను తెరిచిన మొదటి కథ అయిదో పేజీలో ఆగిపోయింది. మర్నాడు మొదటి స్థాయికి దిగాం. ఒక కూర్చోవడంలో మూడు కథలు అయిపోయాయి, నాలుగోది అడిగింది.

ఇక సరిహద్దు ఊళ్లవాళ్లకి మాత్రమే పనికొచ్చే ఉపాయం. అక్కడ ఒకే కథ చాలా భాషల్లో ఉంటుంది. కథ తెరిచాక ఆ కథ ఇతర భాషల్లో ఉందేమో చూపించే చోటు ఉంటుంది, దాన్ని నొక్కితే జాబితా వస్తుంది. అందులో ఒడియా ఉంటే అదృష్టం. మొదట ఒడియాలో చదవనివ్వండి. కథ అర్థమైపోతుంది, బొమ్మలు గుర్తుండిపోతాయి. మర్నాడు అదే కథ తెలుగులో తెరవండి. ఏ పేజీలో ఏం జరుగుతుందో పిల్లకి ముందే తెలుసు కాబట్టి అక్షరాల మీద మాత్రమే కష్టపడితే చాలు. ఊహించి చదువుతుంది, ఊహించింది నిజమైతే ఎగిరి గంతేస్తుంది. 'ఎ'కి 'ఏ'కి తేడా మా ఇంట్లో ఇలాగే పట్టుబడింది, గుణింతాల పుస్తకంతో కాదు. ఇంగ్లిషు మీడియం పిల్లలైతే ఇంగ్లిషు, తెలుగు జత కట్టండి. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల వైపు ఉన్నవాళ్లు మరాఠీ, తెలుగు.

మన జిల్లాల్లో తెలుగు, ఒడియా మాత్రమే లేవు కదా. కుయి, సవర అనే గిరిజన భాషల్లో కూడా అక్కడ కొన్ని కథలున్నాయి, ఒడియా లిపిలో. పాప తరగతిలో సవర పిల్లలుంటే వాళ్ల అమ్మానాన్నలకి ఈ సంగతి చెప్పండి. సవర అంటే గుర్తొచ్చింది, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూనే సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. ఆ వైపు ఉన్నవాళ్లం ఇప్పుడు ఫోన్‌లో రెండు నొక్కులు నొక్కడానికి బద్ధకిస్తే బాగుండదు.

ఒక జాగ్రత్త కూడా ఉంది. స్టోరీవీవర్‌లో ఎవరైనా కథ రాయొచ్చు, ఎవరైనా అనువదించొచ్చు. అందువల్ల కొన్ని తెలుగు కథల్లో వాక్యాలు నోరు తిరగనివ్వవు. ప్రచురణ సంస్థ పేరు చూడండి. ప్రథమ్ బుక్స్ తానే వేసిన కథలు చాలావరకు శుభ్రంగా ఉంటాయి. సంస్థ పేరుతో వడకట్టే వీలు కూడా ఉంది. ఏదైనా సరే, పిల్లకి ఇచ్చే ముందు మొదటి రెండు పేజీలు మీరు పైకి చదవండి. మీ నాలుకకే అడ్డం పడితే పిల్ల సంగతి చెప్పక్కర్లేదు, వదిలేయండి. ఇంకో కథ ఉంది.

కథ దించుకోవాలంటే లాగిన్ అడగొచ్చు. ఈమెయిల్‌తో ఖాతా తెరవడం ఉచితమే. ఖాతా మీ పేరుతో తెరవండి, పిల్ల పేరు, బడి పేరు ఎక్కడా ఇవ్వాల్సిన పని లేదు. దించుకున్న పీడీఎఫ్‌లను ఫోన్‌లో 'కథలు' అని ఒక ఫోల్డర్ పెట్టి అందులో వేయండి. లేకపోతే కరెంటు బిల్లులూ, ఆధార్ కాపీల మధ్య కలిసిపోతాయి. నేను నెట్ బాగా వచ్చేచోట ఆదివారం పూట అయిదారు దించి పెట్టుకుంటాను. కొండల్లో సిగ్నల్ పోయే దారిలో బస్సెక్కినప్పుడు అవే దిక్కు.

కొత్తపల్లి: పిల్లలు రాసిన కథలు

పిల్ల రెండో స్థాయి దాటాక ఇక్కడికి రండి. కొత్తపల్లి అనేది 2008 నుంచి వచ్చిన తెలుగు పిల్లల పత్రిక. అనంతపురం ప్రాంతంలోని చెన్నేకొత్తపల్లి దగ్గర ఒక బడి నుంచి మొదలైంది. ఇందులో పిల్లలే రాసిన కథలు చాలా ఉన్నాయి. అందుకే వాటిలో పెద్దవాళ్ల ఉపన్యాసం తక్కువ. దయ్యం వస్తుంది, భయపెట్టకుండానే అన్నం అడుగుతుంది, కథ అయిపోతుంది.

కథలు మామూలు అక్షరాల్లోనే ఉంటాయి కాబట్టి పేజీ త్వరగా తెరుచుకుంటుంది, డేటా పెద్దగా తినదు. అక్షరాలు చిన్నవిగా అనిపిస్తే రెండు వేళ్లతో పెద్దవి చేసుకోవచ్చు. సంచికల వారీగా ఉంటుంది, ఏదో ఒక నెల తెరిచి కథ పేరు పిల్లనే ఎంచుకోమనండి. రాయలసీమ మాటలు తగులుతాయి. మా పాపకి అవి కొత్త, నాకూ కొన్ని కొత్తే. "వాళ్లూ తెలుగేనా?" అని అడిగింది. అవునన్నాను. "మరి మనం?" అంది. దానికి జవాబు చెప్పేలోపు అది రెండో కథలోకి వెళ్లిపోయింది.

చందమామ పాత సంచికలు

తెలుగువాళ్లకి పిల్లల కథలంటే ముందు నోటికి వచ్చేది చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో తెలుగు, తమిళ భాషల్లో మొదలుపెట్టారు. తర్వాత మిగతా భాషల్లోకి పాకింది. ఒడియాలో దాని పేరు జహ్నమాము. నేను ఫోన్‌లో పాత చందమామ తెరిచి బొమ్మలు చూపిస్తుంటే పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) వచ్చి, "అరె, ఇది మా జహ్నమాము కదా!" అని పీట వేసుకుని కూర్చుంది. చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుడి బొమ్మ చూసి తన చిన్నప్పటి కథ ఒకటి ఒడియాలో చెప్పింది. ఆ కథ నేను తెలుగులో చదువుకున్నదే. మీ వీధిలో కూడా ఒక మావుసీ ఉంటుంది, పిలవండి.

దొరికే చోటు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటు. అభిమానులు స్కాన్ చేసి పెట్టిన సంచికలు అక్కడ ఉన్నాయి. వెతికే గళ్లో 'చందమామ' అని తెలుగులో ఒకసారి, ఇంగ్లిషు అక్షరాల్లో ఒకసారి కొట్టండి. ఫైళ్లు ఎక్కించినవాళ్లు ఎక్కువమంది పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోనే పెట్టారు. పక్కన భాష అనే వడపోత ఉంటుంది, తెలుగు గుర్తు పెడితే హిందీ, ఇంగ్లిషు సంచికలు పోతాయి. సంవత్సరం కలిపి కొడితే ఇంకా సులువు.

దించుకోబోయే ముందు ఫైలు బరువు చూడండి. స్కాన్ చేసిన బొమ్మలు కాబట్టి ఒక్కో సంచిక పదుల ఎంబీలు ఉంటుంది. రోజూ ఇచ్చే డేటా మీద బతికేవాళ్లం గనక నేను అక్కడే తెర మీద పేజీలు తిప్పి, నచ్చిన కథ ఉన్న సంచిక మాత్రమే దించుకుంటాను. ఇంకో చిక్కు, ఇవన్నీ పేజీ ఫొటోలు. లోపలి మాటలు వెతకడం నమ్మకంగా పనిచేయదు. కథ ఏ సంచికలో ఉందో తెలియాలంటే విషయసూచిక పేజీ తిప్పాల్సిందే.

చందమామ తెలుగు తేటగా ఉంటుంది, కానీ పేజీ నిండా అక్షరాలే. మొదటి స్థాయి పిల్లకి ఇస్తే బెదిరిపోతుంది. తొమ్మిది పదేళ్లు దాటి, ధారగా చదివేవాళ్లకి ఇవ్వండి. అంతవరకు మీరు చదివి వినిపించండి. పాత కాలపు కథలు కాబట్టి గయ్యాళి భార్య, దుర్మార్గపు సవతి తల్లి, నల్లగా ఉన్నాడని ఎగతాళి పడేవాడు అక్కడక్కడా వస్తారు. నేను దాటవేయను, మధ్యలో ఆగి "ఇది బాగుందా?" అని అడుగుతాను. మా పాప ఒకసారి "సవతి తల్లికి పేరు లేదేంటి?" అంది. ఆ ప్రశ్న నాకు ముప్పయ్యేళ్లలో రాలేదు.

పాత పుస్తకాలు, హక్కులు

మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన సంవత్సరం అయ్యాక 60 ఏళ్ల వరకు పుస్తకం మీద హక్కులుంటాయి. ఆ తర్వాత ఎవరైనా వేసుకోవచ్చు, పంచుకోవచ్చు. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. అలాంటి పుస్తకాలు తెలుగు వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల సైటులో దొరుకుతాయి. అక్కడ చాలా పుస్తకాలు స్కాన్ పేజీ నుంచి మళ్లీ టైపు చేసినవి, కాబట్టి వెతికితే మాటలు దొరుకుతాయి.

కానీ హక్కులు లేవు కదా అని ప్రతిదీ పిల్లలది కాదు. చిన్నయసూరి నీతిచంద్రికలో ఉన్నవి జంతువుల కథలే, భాష మాత్రం గ్రాంథికం. దాన్ని తెరిచి పిల్ల ముందు పెడితే తెలుగంటేనే పరిగెడుతుంది. మీరు చదువుకుని, మీ మాటల్లో చెప్పండి. వికీసోర్స్‌లో పిల్లలకి నేరుగా పనికొచ్చేవి నా లెక్కలో శతక పద్యాలు. వేమన పద్యం నాలుగు లైన్లు, రోజుకొకటి. అంతకు మించి అక్కడ కాలం గడపకండి.

పాతవాటి మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. తెలుగు పిల్లలకి రేడియో అన్నయ్యగా తెలిసిన న్యాయపతి రాఘవరావు గారు పుట్టింది మన బరంపురంలో, 1905లో. 1945లో 'బాల' అనే పిల్లల పత్రిక మొదలుపెట్టింది ఆయనే. సరిహద్దు ఊళ్లో ఉన్నవాళ్లకి తెలుగు అంటదు అనేవాళ్లకి నేను ఈయన పేరు చెబుతాను.

సర్కారువారివి

రెండు చాలు. నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే రాష్ట్రీయ ఈ-పుస్తకాలయలో పుస్తకాలు 3–8, 8–11, 11–14, 14–18 అని వయసుల వారీగా పెట్టారు. ఉచితం. భాష ఎంచుకుని తెలుగు చూడండి. వయసు దగ్గర మాత్రం పైన చెప్పినట్టే కింది మెట్టు నుంచి.

రెండోది దీక్ష. 2017 నుంచి ఉంది, బడి పుస్తకాల కోసం పెట్టింది. రాష్ట్రం దగ్గర ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ, మాధ్యమం తెలుగు, తరగతి ఒకటో రెండో ఎంచుకుంటే అక్కడి తెలుగు వాచకాలు దొరుకుతాయి. వాచకంలో పాఠాలు కథలే, మాటలు వరసగా కష్టమవుతూ వస్తాయి. పాప ఒడిశా బడిలో చదువుతోంది కదా, పక్క రాష్ట్రం పుస్తకం చూడనిస్తారా అని మా ఆయనకి అనుమానం. ఎవరూ అడగరు. మహారాష్ట్ర వైపు, సిరొంచ, దెగ్లూరు ప్రాంతాల్లో ఉన్న మనవాళ్లకి ఇంకో వీలుంది. అక్కడి పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి తెలుగు మాధ్యమం పుస్తకాలు కూడా వేస్తుంది.

వద్దనే చోట్లు

నా జేబుకి చిల్లు పడ్డ కథ చెబుతాను. ఒక కథల యాప్‌లో మొదటి వారం ఉచితం అని ఉంటే ఎక్కించాను. నమోదులో యూపీఐ అడిగితే ఇచ్చాను, ఒక్క రూపాయే కదా అని. వారం తిరిగేసరికి ఖాతాలో నుంచి ఏడాది చందా కట్ అయింది. యాప్ తీసేశాను కదా అని ఊరుకుంటే మళ్లీ ఏడాది కూడా పోయేది. యాప్ తీసేస్తే చందా ఆగదు. ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి, పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్ అనే చోట రద్దు చేయాలి. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట కూడా చూసి, ఉంటే అక్కడా తీసేయాలి. నిజంగా ఉచితంగా ఇచ్చేవాళ్లు యూపీఐ అడగరు, అంతే గుర్తు పెట్టుకోండి.

గ్రూపుల్లో తిరిగే కొత్త పుస్తకాల పీడీఎఫ్‌లు కూడా నేను తీసుకోను. బతికున్న రచయితది, ఇప్పుడు కొట్లో అమ్ముతున్న పుస్తకాన్ని ఎవరో స్కాన్ చేసి పెడతారు. తెలుగులో పిల్లల పుస్తకాలు వేసేవాళ్లే తక్కువ, వాళ్ల పొట్ట కొట్టి మన పిల్లకి కథ చెప్పడం నాకు నచ్చదు.

కాగితం మీదకి తెస్తే

ఫోన్ చేతికిస్తే కథ మూడు నిమిషాలు, తర్వాత పిల్లి వీడియోలు. మా ఇంట్లో అందుకే బాగా నచ్చిన కథల్ని ప్రింటు తీయిస్తాం. స్టోరీవీవర్ కథలకి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంటుంది. రాసినవాళ్ల పేరు, బొమ్మలు వేసినవాళ్ల పేరు, అనువాదకుల పేరు ఉన్న చివరి పేజీ తీసేయకుండా ఉంచితే కాపీలు తీసుకోవచ్చు, పంచుకోవచ్చు. ఆ పేజీ దండగ అని జిరాక్స్ కొట్టు అబ్బాయి మానేయబోతాడు, వద్దని చెప్పండి.

పుస్తకంలా మడవాలంటే పేజీల సంఖ్య నాలుగు చొప్పున ఉండాలి: 8, 12, 16. ప్రింటు పెట్టేటప్పుడు బుక్‌లెట్ అని అడగండి. కాగితానికి రెండు వైపులా, వైపుకి రెండు పేజీల చొప్పున వచ్చి, మధ్యలో మడిస్తే పుస్తకమవుతుంది. మధ్యలో కుట్టే పెద్ద స్టేప్లర్ లేకపోతే సూది దారం చాలు. రంగుల ప్రింటు ఖరీదు. నలుపు తెలుపులో తీసి, రంగులు పిల్లనే వేయమంటే ఆ కథ పది రోజులు చేతిలోనే ఉంటుంది. మేం ఇలా తీసినవి ఓ ఇరవై దాకా ఉన్నాయి. చెప్పుల పెట్టెలో పెట్టాం. ఎదురింటి పిల్లలు వచ్చి తీసుకెళ్తారు, కొన్ని తిరిగి రావు. రానివి మళ్లీ ప్రింటు తీస్తాం.

చదివించడం కోసం ఆదివారం వీడియో కాల్ పెట్టుకున్నాం. పాప చదువుతుంది, అమ్మమ్మ వింటుంది. అమ్మమ్మకి కళ్లజోడు పెట్టుకున్నా ఫోన్‌లో అక్షరాలు కనిపించవు కాబట్టి పిల్ల తప్పు చదివితే ఆమెకి కథ తెగిపోతుంది. "ఏటే, మళ్లీ చదువు" అంటుంది. నేను దిద్దితే ఏడ్చే పిల్ల అమ్మమ్మ అడిగితే మళ్లీ చదువుతుంది.

దొరకనిది మీరే రాయండి

ఎంత వెతికినా ఒకటి దొరకదు. అది మన వైపు మాటలతో ఉన్న కథ. ఆ కథల్లో పిల్లవాడు 'అబ్బాయి', మా అమ్మ నోట్లో 'గుంటడు'. అక్కడ 'చీర', ఇక్కడ 'కోక'. అందుకని మా అమ్మ చెప్పే పనసకాయ కథ ఒకటి మేమే రాశాం.

స్టోరీవీవర్‌లో ఖాతాలోకి వెళ్లి కొత్త కథ సృష్టించే చోట నొక్కండి. భాష తెలుగు పెట్టండి. బొమ్మల గిడ్డంగి ఉంటుంది, అందులో నుంచి పేజీకొకటి తీసుకోవచ్చు. లేదంటే మనం గీసిన బొమ్మ ఫొటో తీసి ఎక్కించొచ్చు. పేజీకి రెండు వాక్యాలు దాటనివ్వకండి. చివర స్థాయి ఎంచుకోమంటుంది, మాటలు లెక్కపెట్టి ఎంచుకోండి. ప్రచురించారంటే ఆ కథని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకో భాషలోకి తీసుకెళ్లొచ్చు. దానికి ఇష్టమైతేనే ఆ మీట నొక్కండి. వద్దనుకుంటే కాగితం మీద రాసి చెప్పుల పెట్టెలో వేసుకోవచ్చు.

అమ్మ ఫోన్‌లో చెబుతుంటే పాప రాసింది, నేను టైపు చేశాను. మొదటి వాక్యం: "గుంటడు పనస చెట్టు ఎక్కినాడు." చదివి వినిపిస్తే అమ్మ కంగారుపడింది. "ఛ, నలుగురూ చూసేదానిలో గుంటడేటే, బాలుడు అని రాయించు" అంది. పాప ఒప్పుకోలేదు. చెట్టెక్కినవాడు గుంటడేనట, బాలుడైతే కింద నిలబడతాడట. గుంటడు అలాగే ఉన్నాడు. పనసకాయ బొమ్మ ఎంత వెతికినా మాకు నచ్చింది దొరక్కపోతే పాపే గీసింది, ముళ్లు కాస్త ఎక్కువయ్యాయి.